గడపల మెట్లు

ఇల్లు కట్టడానికి మేస్త్రీ అక్కర్లేదు, కంప్యూటరుంటే చాలు. నమ్మనివారు కొవ్వూరు వచ్చి భాస్కరం మాస్టారి మేడ చూసుకోవచ్చు.

మాస్టారి భార్య సీతారామలక్ష్మిగారు పోయిన కొన్నాళ్లకు, ఆర్కిటెక్చరు చదివిన మేనల్లుడు శశిభూషణ్ వచ్చాడు. "పాత పెంకుటిల్లు, పడగొట్టేద్దాం మావయ్యా. ఒక్క ముక్క కూడా పారెయ్యను" అన్నాడు. ఎవరేమన్నా మాస్టారు తల ఊపేస్తున్న రోజులవి. దీనికీ ఊపారు.

ఇక చూడండి శాస్త్రం మహిమ! ఊడదీసిన ప్రతి తలుపు, ప్రతి దూలం కొలతలూ కంప్యూటరుకెక్కించారు. ఏది ఎక్కడ ఇముడుతుందో అదే చెప్పింది. వంటింటి తలుపు డాబా మీద బల్లయింది. వీధి కిటికీ స్నానాలగదిలో సరిగ్గా మనిషెత్తున కుదిరింది. ఒళ్లు తోముకుంటూ ఎదురింటి సుబ్బాయమ్మగారిని "ఇవాళ ఏం కూరండి?" అని అడిగే వసతి ఏ పట్నంలో ఉంది?

అసలు ఘనత మెట్లది. తరాలు గడిచినా గడపలు అరగలేదు కాబట్టి, మెట్లకు అంతకన్నా మంచి చెక్క లేదని కంప్యూటరు తేల్చింది. ఎందుకు అరగలేదో దానికెవరు చెబుతారు? ఇంట్లోవి చాలక, ఊళ్లో పడగొట్టిన ఇళ్ల గడపలు కూడా తెచ్చి మెట్లు కట్టేశారు.

సంవత్సరీకం వెళ్లాక గృహప్రవేశం పెట్టుకున్నారు. విస్తళ్లు మేడ మీద వేశారు. చుట్టాలంతా కిందే ఆగిపోయారు. ఒక గడపయితే దాటవచ్చు. వరసగా అన్ని గడపలు దాటాలంటే ఆంజనేయుడు దిగిరావాలి.

"అవి గడపలు కావండి, మెట్లు. ఎక్కండి" అన్నాడు శశిభూషణ్ పైనుంచి.

"ఆ మాట నీ కంప్యూటరుకి చెప్పు నాయనా, వింటుంది. నా కాళ్లు వినవు" అన్నారు సుబ్బాయమ్మగారు. "ఆ పులిహోర బకెట్టు తాడు కట్టి దించు."

పులిహోర దిగింది. వెనకే పప్పు, పులుసు. మనుషులు భోజనానికి ఎక్కడం లోకమంతా ఉన్నదే; భోజనమే మనుషుల దగ్గరకు దిగిరావడం మా కొవ్వూరులోనే!

మర్నాడు శశిభూషణ్ వడ్రంగి లోవరాజును వెంటబెట్టుకొచ్చాడు. మొదటి మెట్టు మాస్టారింటి వీధి గడప. శుక్రవారం శుక్రవారం సీతారామలక్ష్మిగారు రాసిన పసుపు చెక్కలోకి ఇంకిపోయి ఉంది.

"ఈ పసుపు చూసే అందరూ జంకుతున్నారు. చిత్రిక పట్టిస్తే మామూలు చెక్క అయిపోతుంది మావయ్యా."

లోవరాజు చిత్రిక తీశాడు. మాస్టారు నేలమీద కూర్చుని, పసుపు మీద అరచెయ్యి ఆనించారు. లోవరాజు చిత్రిక సంచిలో పెట్టేసుకున్నాడు.

"శశీ, పాత ఇంట్లో ఒక్క ముక్క కూడా చెడిపోలేదందన్నావు కదూ, నీ కంప్యూటరు?"

"అవును మావయ్యా. నూటికి నూరుపాళ్లు పనికొచ్చింది."

"మరి ఎందుకు పడగొట్టాంరా?"



"ఆ ప్రశ్న దానికి వెయ్యలేదు మావయ్యా."