దగ్గర కూర్చున్న ఉద్యోగి

విమాన సంస్థ ఫిర్యాదుల విభాగంలో ఆయన్ని అసలు పేరుతో పిలిచేవాళ్ళు లేరు. ఆయన రాసే ప్రతి నిబంధనా 'ఒకవేళ' అనే మాటతోనే మొదలవుతుంది గనక అందరికీ ఆయన ఒకవేళగారు. ఆ రోజు పొద్దున్నే ఒకవేళగారు అద్దం ముందు నిలబడి కొత్త టై ముడి వేసుకుంటున్నారు. ఉదయం విమానం ఎక్కాలి, ప్రధాన కార్యాలయానికి వెళ్ళాలి, మధ్యాహ్నం ఇంటర్వ్యూలో అధికారి పదవి కొట్టెయ్యాలి. మెట్ల కింద గదిలో ప్రయాణికుల తిట్లు చదువుతూ సగం జుట్టు రాల్చుకున్న మనిషికి కిటికీ ఉన్న గది కావాలనిపించడం అత్యాశేమీ కాదు.

ఆ కిటికీ కోసమే ఆయన ఈమధ్య ఒక ఘనకార్యం చేశారు. విమానమంటే బెదిరిపోయే ప్రయాణికులు ధైర్యం కోసం తమ పెంపుడు జంతువును వెంట తెచ్చుకోవచ్చని సంస్థ ఒప్పుకుంది. దానికి నిబంధనలు రాసింది ఈయనే. కుక్క కరిచినా, పిల్లి రక్కినా సంస్థకు మాత్రం మట్టి అంటకూడదు. బాధ్యత తామరాకు మీద నీటిబొట్టులా జారిపోవాలి, అదీ ఆయన కళ. డైరెక్టరుగారు అవి చదివి తల ఊపారని కూడా వినికిడి.

"ఏమండీ, అమ్మ కూడా మీతోనే వస్తోంది. చెల్లికి నొప్పులు మొదలయ్యేలోపు అక్కడుండాలట. కాస్త చూసుకోండి" అంది భార్య.

అత్తగారు చంకలో బుట్టతో దిగారు. బుట్ట "కొక్కొక్" అంది.

"అదేంటండీ అత్తయ్యగారూ?"

"మా పిచ్చితల్లి. విమానమంటే నాకు గుండెదడ. ఈ కోడిని నిమురుతూ కూర్చుంటే తగ్గుతుంది. డాక్టరు చీటీ కూడా రాసిచ్చాడు, చూడండి."

ఒకవేళగారు చూశారు. రాసినవాడు పళ్ళ డాక్టరు.

"పళ్ళ డాక్టరుకీ గుండెదడకీ ఏం సంబంధమండీ?"

"మీ రూల్లో డాక్టరని ఉంది గానీ ఏ డాక్టరో లేదన్నాడు నాయనా. పైగా కోడికి పళ్ళు లేవు కాబట్టి కరుస్తుందన్న బెంగ కూడా లేదన్నాడు."

అంత జాగ్రత్తగా రాసిన నిబంధనల్లో ఆ చిల్లు ఎలా మిగిలిందో ఆయనకు అర్థం కాలేదు. ఎవరినన్నా తిడదామంటే రాసింది తనే. మింగలేక కక్కలేక కారెక్కారు.

విమానాశ్రయంలో అత్తగారి పెట్టె తూకమై లోపలికి వెళ్ళిపోయాక, కౌంటరులోని అమ్మాయి బుట్టలోకి తొంగి చూసింది.

"కోడికి వెనకవైపు గుడ్డ కట్టాలి మేడమ్. లేకపోతే ఎక్కించుకోం."

"మీ దగ్గరే ఏదో ఒక గుడ్డ ఇవ్వమ్మా" అన్నారు ఒకవేళగారు.

"సంస్థ తరఫున గుడ్డముక్క కూడా ఇవ్వకూడదు సార్. మీరే రాశారు."

అత్తగారి చూపు నెమ్మదిగా అల్లుడి మెడ దగ్గరికి వచ్చి ఆగింది.

"అల్లుడుగారూ, ఆ టై ఇటివ్వండి. దిగాక ఇచ్చేస్తా."

"దిగాక అది నాకెందుకండీ!"

విమానం ఎక్కగానే మొదటి వరసలో డైరెక్టరుగారు కనిపించారు. ఒకవేళగారి పైప్రాణాలు పైనే పోయాయి. అత్తగారి వెనకాల నక్కుతూ నడిచి పక్క సీట్లో కూలబడ్డారు. ఎలాగోలా దిగేదాకా ఆ కోడి నోరెత్తకపోతే చాలు, కిటికీ తనదే.

అత్తగారు ఒక మాత్ర తీసి నోట్లో వేసుకున్నారు. "కోడి పని చెయ్యకపోతే వేసుకోమన్నాడు డాక్టరు. రెండూ ఉంటే ఇంకా మంచిది కదా" అన్నారు. విమానం పైకి లేచేసరికి ఆవిడ గురక ఇంజను మోతకు దీటుగా ఉంది.

విమానం నిలకడగా సాగాక ఎయిర్‌హోస్టెస్ వచ్చి, అత్తగారి కాళ్ళ దగ్గరున్న బుట్టను తీసి ఒకవేళగారి ఒళ్ళో పెట్టింది.

"నాకెందుకమ్మా?"

"యజమాని నిద్రపోతే జంతువు బాధ్యత దగ్గర కూర్చున్న సంస్థ ఉద్యోగిది సార్. మీరే రాశారు."

"అది మిమ్మల్ని ఉద్దేశించి రాసింది తల్లీ!"

"మేం నిలబడి పనిచేస్తాం సార్. కూర్చున్నది మీరు" అని ఆ పిల్ల చల్లగా నవ్వి వెళ్ళిపోయింది. ఎవరు తవ్విన గోతిలో వాళ్ళే పడతారంటారు. ఈయన కోడితో సహా పడ్డారు.

అంతలో విమానం ఒక్క కుదుపు కుదిపింది. బుట్ట మూత ఊడింది. పిచ్చితల్లి రెక్కలు టపటపలాడిస్తూ, టై తోక ఊపుకుంటూ జనం తలల మీదుగా ముందుకు ఎగిరింది. "కోడి! కోడి!" అని ఒకటే గోల. బెల్టు విప్పకూడదన్న దీపం వెలుగుతూనే ఉంది. ఒకవేళగారు ఉద్యోగంలో చేరాక మొదటిసారి ఒక నిబంధన అతిక్రమించి, నడవాలో పాక్కుంటూ వెళ్ళారు.

మొదటి వరసలో డైరెక్టరుగారు కళ్ళు గట్టిగా మూసుకుని, మొహం సున్నంలా పాలిపోయి, కోడిని గుండెలకు హత్తుకుని కూర్చున్నారు.

"క్షమించండి సార్, ఆ కోడిని..."

"ముట్టుకున్నావంటే నీ ఉద్యోగం ఊడుతుంది!"

"సార్?"

"నాకు విమానమంటే చచ్చేంత భయమయ్యా. విమానాల కంపెనీ నడుపుతూ ఆ మాట ఎవరితో చెప్పుకోను? ఇది ఒళ్ళో పడ్డాకే గుండె కాస్త కుదుటపడింది. పో, పోయి కూర్చో."

విమానం దిగేదాకా కోడి అక్కడే ఉంది. విమానం నేల మీద ఆగాక డైరెక్టరుగారు తన ఒడిలోంచి వెచ్చటి గుడ్డొకటి పైకి తీశారు. దిగబోతున్న జనమంతా ఆగిపోయారు. ఆయనకు సిగ్గు ముంచుకొచ్చి, సిగ్గు మీద కోపం వచ్చింది.

"దీనికి బాధ్యులెవరు?"

ఈ ప్రశ్నకు సమాధానం రాసినందుకే ఒకవేళగారు ఇన్నాళ్ళూ జీతం తీసుకున్నారు. 'సంస్థ కాదు, ప్రయాణికురాలు' అంటే సరిపోతుంది. వెనక్కి చూశారు. అత్తగారు అప్పుడే కళ్ళు నులుముకుంటూ లేచి, ఖాళీ బుట్ట చూసుకుని, చంటిపిల్ల తప్పిపోయినట్టు బిక్కచచ్చి నిలబడ్డారు. ఒకవేళగారు మళ్ళీ డైరెక్టరుగారి వైపు తిరిగారు.

"నేనే సార్" అన్నారు. ఫిర్యాదుల విభాగం పుట్టాక అందులోంచి ఆ మాట వెలువడడం అదే మొదలు.

కిటికీ మీద ఆశ వదులుకుని, టై లేకుండానే ఇంటర్వ్యూకి వెళ్ళారు. డైరెక్టరుగారు తప్ప గదిలో ఎవరూ లేరు.

"నిబంధనలు చెత్తగా రాశావు. అవతల పారేద్దాం. ఆ కోడి నాకు అమ్ముతావా?"

కోడి తనది కాదని చెప్పి ఒకవేళగారు, చిన్నకూతురి దగ్గరికి బయల్దేరేముందు కార్యాలయం గుమ్మంలో ఆగి ఉన్న అత్తగారిని పిలిపించారు. ఆవిడ బుట్ట గట్టిగా పట్టుకున్నారు.

"కూతుర్ని ఇచ్చేశాను. కోడిని ఇవ్వను. మీకు ప్రయాణం ఉన్నప్పుడు పంపిస్తా, మా అల్లుడుగారు వెంట ఉంటేనే. మావాడు కాబట్టి పారిపోకుండా నిలబడ్డాడు."

ఆ మాటకు ఒకవేళగారి కళ్ళు చెమర్చాయి. అత్తగారు అప్పటికే బుట్ట తన రెండు చేతుల్లో పెట్టెయ్యడంతో కళ్ళు తుడుచుకునే వీలు లేక అలాగే నిలబడ్డారు.

ఇప్పుడాయన సంస్థకు జంతు బాధ్యతాధికారి. గదికి పెద్ద కిటికీ ఉంది, కోడి వచ్చిన రోజున దానికి గాలి ఆడాలని పెట్టించారు. డైరెక్టరుగారు ఎక్కడికి ఎగిరినా పక్క సీట్లో ఒకవేళగారు కూర్చుంటారు. టై మాత్రం ఇప్పటికీ కోడే కట్టుకుంటోంది.