తాటిపాకలో 'మోత' రెండో ఆల్బమ్

ఆ ఆదివారం పొద్దున్న హేమంత్ పెట్టుకున్నది చిన్న పనే. మధ్యాహ్నం కొబ్బరి లారీ వచ్చేలోగా, తాటిపాకలో మేనమామ బుచ్చిరాజు గోడౌనులో ఆఖరి పాట రికార్డు చేసేయాలి. దాంతో 'మోత' రెండో ఆల్బమ్ పూర్తవుతుంది.

'మోత' అమలాపురంలో కలిసి చదువుకున్న ముగ్గురి బ్యాండు. హేమంత్ గిటారు, గోపీకృష్ణ బేసు, శ్రీవాణి డ్రమ్స్. వాళ్ళు వాయించేది నాయిజ్ రాక్. అందులో రాగం కన్నా రొద ముఖ్యం. కిందటేడు, రెండు వేల మూడులో, మొదటి ఆల్బమ్ వినిపిస్తే హేమంత్ కన్నతల్లే రెండో పాట దగ్గర "పొయ్యి మీద పాలున్నాయి నాన్నా" అంటూ లేచిపోయింది. ఈసారి ఒక్కరైనా చివరిదాకా వినాలని హేమంత్ పంతం.

"మావయ్యా, కాసేపు గోలగా ఉంటుందండి."

"కానియ్యరా. ఎలకలైనా పోతాయి."

ఒక మైకును కిటికీకి వేలాడదీసి, తలుపులు మూసి మొదలెట్టారు. పాట సగంలో హేమంత్ గిటారును స్పీకరుకి ఆనించాడు. అది సన్నగా మొదలై, పైకి లేచి, దిగి, మళ్ళీ లేచి ఊళ పెట్టింది. "ఆపకు! ఇదే కావాలి!" అంటూ శ్రీవాణి డ్రమ్ముల మీద విరుచుకుపడింది.

ఊరికి మాత్రం అది అచ్చం ఊరి పక్కనున్న గ్యాస్ ప్లాంటు సైరనులా వినపడింది.

"గ్యాసు లీకయ్యిందర్రోయ్! పొయ్యిలార్పండి!" అని ముందు అరిచింది ఎదురింట్లో ఇడ్లీలమ్మే వీరాయమ్మ. అంతే, ఊరు ఊరంతా వీధిలో పడింది. దొరబాబు గేదెను విప్పి, తాడు పట్టుకోవడం మరిచి, దాని వెనక పరుగెత్తాడు. మాణిక్యాలరావు ఇంటికి పెళ్ళిచూపులకొచ్చినవాళ్ళు పిల్లను చూడకుండానే, చేతుల్లో పకోడీలతో ఆటో ఎక్కేశారు. "లీకు ఆగేక రండీ!" అంటూ ఆయన ఆటో వెంట పడ్డాడు. ఇంతలో ఫైరింజను వచ్చింది. దాని గంట విని, అంతదాకా నమ్మనివాళ్ళు కూడా పరుగందుకున్నారు.

ఫైరాఫీసరు చప్పుడు వెంటే నడిచొచ్చి గోడౌను తలుపు తోశాడు.

"లీకు ఎక్కడండీ?"

చటుక్కున వాయిద్యాలు ఆగిపోయాయి. ఆఫీసరు వెనకే ఊరంతా వచ్చి గుమ్మంలో నిలబడింది. సంగతి తెలిశాక బుచ్చిరాజు కొబ్బరికాయలు వలిచే గునపం ఎత్తాడు. "ఆ గిటారిలా తేరా, ముక్కలు చేసేస్తాను!"

"ఆగండి రాజుగారూ," అంది వీరాయమ్మ, ఆయాసపడుతూ. "మనల్నింత పరిగెత్తించిందేంటో ముందు వినొద్దటండీ?"

హేమంత్ టేపు వెనక్కి తిప్పి వేశాడు. రొద, ఊళ, ఆ మధ్యలోంచి, కిటికీ మైకు పుణ్యమా అని, "పొయ్యిలార్పండి!"

"ఓలమ్మో, నేనే!" అంది వీరాయమ్మ.

సరిగ్గా డ్రమ్ము దెబ్బ మీద గేదె అరిచింది. "ఆయ్, మాదేనండి!" అన్నాడు దొరబాబు గర్వంగా. "లీకు ఆగేక రండీ!" దగ్గర జనమంతా మాణిక్యాలరావుతో గొంతు కలిపారు. చివర్లో ఫైరింజను గంట, దాని మీద ఆఫీసరు ప్రశ్న. పాట అక్కడే ఠక్కున ఆగింది. ఒక్కరూ కదల్లేదు.

బుచ్చిరాజు గునపం దించాడు. "మళ్ళీ వెయ్యరా."

హేమంత్‌కి కళ్ళు చెమర్చాయి. సాయంత్రానికి పెళ్ళిచూపులవాళ్ళూ తిరిగొచ్చారు; ముందు పాట విని, తరవాత పిల్లను చూశారు. రెండూ నచ్చాయన్నారు. ఆ వానాకాలమంతా రాజోలు ఆటోల్లో అదే క్యాసెట్టు.

నెల తిరక్కుండానే కాట్రేనికోన నుంచి పెద్దమనుషులు వచ్చారు. మూడో ఆల్బమ్‌కి తమ ఊరినే భయపెట్టాలని, ముందుగా కబురు చేస్తే గేదెల్ని విప్పి ఉంచుతామని చెప్పి వెళ్ళారు.