నలభైనాలుగో సీతాఫలం

జర గిటు జరుగు బిడ్డా, చెవి గిటు పెట్టు. ఈ లోకంల పుట్టుడు అల్కటి పని, సచ్చుడు అంతకన్న అల్కటి పని. రెండిటికీ ఎవ్వలనూ అడిగేది లేదు. కష్టమంత గా తర్వాత ఆరడుగుల జాగల పండుడుకాన్నే ఉన్నది, ఎందుకంటే దానికో సర్కారు కచేరి ఉన్నది.

గోదారి ఒడ్డున, చెన్నూరు దిక్కు, ఒక ఊర్ల రాతిగుడి ఉన్నది. ఏసు గుడి. నిజాం కాలంల, పెద్ద కరువు పోయినంక, ఆల్టన్ దొర అనేటాయన సముద్రం అవతలికెళ్లి వచ్చి కట్టించిండు. డంగుసున్నం గోడలు, టేకు దూలాలు, పదమూడు ఎడ్లబండ్లు మారి వచ్చిన గంట. గుడికి సున్నమేసిన వారమే దొరకు చలిజ్వరం తగిలింది. గుడి పక్క బొందలగడ్డల మొదటి బొంద ఆయనదే. (కట్టించినోడే ముందుగాల జాగ పట్టిండు. అప్పటికింక దరఖాస్తులు పుట్టలే.)

దొరకు చెక్కిన రాయి వచ్చింది. మనోళ్లకు రాళ్లెక్కడియి? మనిషిని పెట్టినంక తలకాడ ఒక సీతాఫలం మొక్క నాటేటోళ్లు. ఒక్క దొరనే వేరు చేసుడెందుకని ఆయనకూ ఒకటి నాటిన్రు. "రాయమల్లు తాత తియ్యగున్నడు, వాళ్లవ్వకు గింజలెక్కువ" అనుకుంట కాయలు తినేటోళ్లు, గట్లనే పెద్దలను యాది చేసుకునేటోళ్లు.

గా గుడిల గంట కొట్టేది, బొందలు తవ్వేది దేవదాస్. ఆయన పెండ్లామే మన శంకరవ్వ. పానం బాగలేనప్పుడు దేవదాస్ తన జాగ పక్కన నాలుగు రాళ్లు పెట్టి, బస్సుల తువ్వాల ఏసినట్టు, "గిది నీది. నేను ముందువోయి ఆపుత" అన్నడు. పోయిండు. నలభైమూడో చెట్టయ్యిండు. శంకరవ్వ రోజూ పొద్దుగాల గా నాలుగు రాళ్ల నడుమ ఊడ్చేది. మేక వచ్చి పండితే కసిరేది: "లేవే, టికెట్ తీసినవా?"

గట్లుండంగ హైదరాబాదు సర్కారు పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చింది. ఉర్దూ కాగితాలు అల్మారిలకు పోయినయి, తెలుగు కాగితాలు బల్లమీదికి వచ్చినయి. పండ్లతోటల పరిశీలన కచేరి అని ఒకటి పుట్టింది. దాని గుమాస్తా రామచంద్రం గొలుసు పట్టుకొని కొల్చుకుంట సరిగ్గ సీతాఫలాల కాలంల మా దిక్కు వచ్చిండు. గడ్డి నడుమెత్తు పెరిగి శిలువలన్ని అండ్ల మునిగినయి, చెట్లేమో వరుసకు వరుస. రామచంద్రం రెండు కాయలు తిన్నడు, మూతి తుడుసుకున్నడు, గడ్డిపైకి తేలిన ఒక్క రాయి మీద దొర పేరు సదివి రాసిండు: "సీతాఫలం తోట. చెట్లు నలభైమూడు. యజమాని ఆల్టన్ దొర. సాగు శ్రద్ధగా జరుగుచున్నది."

నెల తిరగకముందే హుకుం దిగింది: తోటల అనుమతి లేనిది గుంత తవ్వరాదు.

గప్పుడే శంకరవ్వకు జ్వరం తగిలింది. "నా జాగ పదిలమేనా అయ్యగారూ?" అని పాస్టరు దశరథం అయ్యగారిని అడిగితే, ఆయన హుకుం తీసి చూపెట్టిండు. "తవ్వితే నన్ను లోపలేస్తరట అవ్వా. నిన్ను గుట్టకింద పెడ్తం తియ్యి, గాలి మంచిగొస్తది."

"ఆయన గాడ, నేను గుట్టకిందనా? నలభై ఏండ్లు ఒక్క గొంగట్ల పండినం!"

తెల్లారి జ్వరంతోనే కట్టె పట్టుకొని నాలుగు కోసులు నడిచి కచేరికి పోయింది. వాకిట్ల జవాను బాబు మియా కూసున్నడు.

"క్యా అమ్మా, మామిడి పెడ్తవా, జామ పెడ్తవా?"

"నన్నే పెట్టుకోవాలె, బాబూ."

బాబు మియా లేచి స్టూలు ఇచ్చిండు. సంగతంత రామచంద్రం విన్నడు. "తోటల మనుషులను పెట్టే ఫారం లేదవ్వా."

"అది తోట కాదు సారూ, బొందలగడ్డ. నువ్వు గానాడు తిన్నవు సూడు, అది మా మేనత్త చెట్టు."

రామచంద్రం మల్లోపారి మూతి తుడుసుకున్నడు. కానీ గుమాస్తా కద, తేరుకున్నడు. "రాసినంక రాసినట్టే. కాగితానికీ భూమికీ తేడా వస్తే భూమినే సరిచేసుకోవాలె."

"సాబ్, ఉర్దూ దఫ్తర్ల ఖబ్రస్తాన్ అనే ఉన్నది" అన్నడు బాబు మియా.

"గా అల్మారి తాళంచెవి బదిలీ మీద పోయిన సాబు జేబుల ఉన్నది."

ఇగ మిగిలింది ఒక్కటే ఫారం: తోటల కొత్త మొక్క నాటుటకు అనుమతి. రామచంద్రం కలం ముంచిండు.

"మొక్క వయసు?"

"డెబ్బై."

"ఎత్తు?"

"నాలుగున్నర అడుగులు. నడుము సక్కగ పెడితే ఐదు."

"కాపు?"

"ఆరుగురు. నలుగురు నిలిచిన్రు."

"చీడపీడలు?"

"జ్వరమొకటి, మా కోడలొకటి."

అన్నీ రాసిండు. ఆఖరుకు, యజమాని ఒప్పుకోవాలె అన్నడు. యజమానంటే ఆల్టన్ దొర. బాబు మియా నోటీసు పట్టుకొని పోయి, ఒకటో చెట్టుకాడ నిలవడి, సలాం చేసి, పెద్దగ సదివి, చెట్టుకు అంటించి వచ్చిండు. "సదరు దొర తోటలోనే ఉన్నారు. పదిహేను దినాలల్ల అభ్యంతరం చెప్పలేదు" అని పత్రం ఇచ్చిండు. (కచేరి చరిత్రల ఒక్క తిరుగుడుకే పని కానిచ్చిన ఆసామి గా దొరొక్కడే.)

అనుమతి వచ్చింది. కింద సన్నగ రాసి ఉన్నది: తొంభై దినాలల్ల మొక్క నాటాలె, లేకుంటే రద్దు.

శంకరవ్వ కాగితం చూసింది, కడుపునిండ అన్నం తిన్నది, జ్వరం పోయింది. గదే వచ్చిన తిప్పలు.

తొంభై దినాలకు మల్ల కచేరికి పోయింది. "నాటకపోవుటకు కారణం?"

"తబియత్ మంచిగున్నది సారూ."

ఇంకో తొంభై దినాలిచ్చిన్రు. మల్ల పోయింది. మల్ల మంచిగనే ఉన్నది. గట్ల తొమ్మిదేండ్లు! పోను నాలుగు కోసులు, రాను నాలుగు కోసులు. నడిచి నడిచి కాళ్లు టేకు దూలాలయినయి, రక్తం వడివడి పారవట్టింది.

"గిట్ల నడిస్తె ఎట్ల సస్తవవ్వా?" అన్నడు రామచంద్రం. "జర కచేరి గురించి కూడ ఆలోచించాలె."

"నిన్ను పరేషాన్ చేస్తున్న బిడ్డా, ఎరుకే. ఈ వానకాలం చూస్త."

ముప్పైఆరోసారి కాగితం మీద ఎర్రసిరతోని రాసిచ్చిండు: ఇదే ఆఖరు గడువు.

ఇగ ఊరంత ఫికర్. తొంభై దినాలల్ల పోకుంటే జాగ పోతది, దేవదాస్ ఒక్కడే అయితడు. ఎదురుపడ్డోళ్లంత "పానం ఎట్లున్నదవ్వా?" అని అడుగుడు, "మంచిగున్నది" అంటే ముఖం చిన్నగ చేసుకునుడు. దశరథం అయ్యగారు ప్రార్థన మొదలుపెట్టి, దేవుని ఏమని అడగాలెనో తెల్వక, ఆమెన్ అనేసిండు. కోడలు మాత్రం దినాలు లెక్కవెట్టుకుంట ఏడ్చింది: "అత్తా, గుట్టకిందైతేంది, ఇంకో పదేండ్లు ఉండు." శంకరవ్వ ఆమె నెత్తి నిమిరింది. ఫారంల చీడపీడల కాడ రాయించింది యాదికొచ్చినట్టుంది.

డెబ్బైతొమ్మిదో దినం పొద్దుగాల నాలుగు రాళ్ల నడుమ ఊడ్చింది. దేవదాస్ చెట్టుకు ఒక కాయ తెంపి, అక్కడ్నే కూసొని తిన్నది. గింజలన్ని కొంగుల మూట కట్టుకున్నది. గుడిగోడకు ఆనుకొని అట్లనే పోయింది. ఇంక పదకొండు దినాలు మిగిలే ఉన్నయి. ఏడ్చుకుంటనే ఊరంత "గడువులనే, గడువులనే" అని ఒకల భుజం ఒకలు తట్టుకున్నరు. దేవదాస్ పక్కన్నే పెట్టిన్రు. కొంగుల గింజ తలకాడ నాటిన్రు.

వానలు వడ్డంక రామచంద్రం గొలుసుతోని వచ్చిండు. చెప్పులిడిసి లోపలికి పోయిండు, కాయ ముట్టలే. రెండాకుల మొలక ముంగట కూసొని దాని చుట్టు గడ్డి పీకిండు. మల్ల లేచి రాసిండు: "నలభైనాలుగో మొక్క అనుమతి ప్రకారం నాటబడినది. పేరు శంకరవ్వ. ఆరోగ్యంగా ఉన్నది. మూడేండ్లల్ల కాపునకు వచ్చును."

గిది యాదికుంచుకో బిడ్డా, నీ తర్వాతోళ్లకు చెప్పు. ఎవ్వలన్న వచ్చి శంకరవ్వ సంగతేందని అడిగితే, పోయిందని మాత్రం అనకుండ్రి. సర్కారు లెక్కల ఆమె మంచిగున్నది. పోయిందంటే మల్ల దరఖాస్తు పెట్టాలె.