పారబోయాల్సిన నీళ్లు

మా ఆవిడను కుళాయి నీళ్లు చంపాయి. ఇందులో అనుమానం లేదు, వాదన అక్కర్లేదు.

అయినా ఈవేళ ఆ నీళ్లను పొగడటానికే కూర్చున్నాను. మనవరాలు పుట్టాక మా ఇంట్లో అవే నీళ్లతో పాలపొడి కలపడం మొదలైంది. బంధుత్వం ముదిరాక తిట్టడం మర్యాద కాదు!

మా పల్లెటూరి బడిలో మాస్టారు నీటికి రంగు, రుచి, వాసన ఉండవని చెప్పారు. బెత్తం పట్టుకుని చెప్పారు కాబట్టి చాలాకాలం నమ్మాను. పట్నం వచ్చాక ఆ చదువు దండగని తేలింది. ఇక్కడి నీటికి మూడూ ఉన్నాయి! పొద్దున తుప్పు రంగు, మధ్యాహ్నం క్లోరిన్ వాసన, అద్దకం ఫ్యాక్టరీ కాలువ వదిలిన రోజున చొక్కాకు సరిపడేంత నీలం. మా ఊరి బావిలో ఏముండేది? ఉత్త నీళ్లు. తాగితే దాహం తప్ప ఏం తీరేది?

ఐరన్ మాత్రల కోసం మందుల షాపుకు నడవాలా? కుళాయి తిప్పితే చాలు. పొలాల నుంచి ఎరువు, ఆసుపత్రి కాలువ నుంచి మందులు, పాత గొట్టాల నుంచి సీసం. అన్నీ ప్రిస్క్రిప్షన్ లేకుండా హోమ్ డెలివరీ!

పక్కింటి తాపీమేస్త్రీ కెటిల్ అడుగున పేరుకున్న సున్నం గీకి గోడ పగులు పూడ్చాడు. గోడ నిలబడింది. మేస్త్రీకే నడుం నిలబడటం లేదు.

ఒకసారి ఫిల్టర్లు అమ్మేవాడు వచ్చాడు. "సార్, మీ నీళ్లలో ఏమేం ఉన్నాయో తెలుసా?" అన్నాడు. "తెలుసు. అవన్నీ తీసి ఎక్కడికి పట్టుకుపోదామని?" అన్నాను. మళ్లీ ఈ గుమ్మం తొక్కలేదు.

మరి పరీక్షలు చేయరా అంటారేమో. ఎందుకు చేయరండీ! నీటి శాఖ నుంచి మనిషి వస్తాడు. సంచీ నిండా గాజుసీసాలు. వీధిలో అందరూ ఆయన్ని సీసాలాయన అనే పిలుస్తారు. పొద్దున్నే కుళాయి తిప్పి, నీళ్లు కాలువలోకి వదిలేసి, తీరిగ్గా గోడకు ఆనుకుని నిలబడతాడు. గొట్టం కడుక్కుపోయాక అప్పుడు సీసాలోకి నీళ్లు పడతాడు.

మా ఆవిడకు నీళ్లు వృథా పోతే ప్రాణం ఉసూరుమనేది. పరుగున వెళ్లి పెద్ద గిన్నె పెట్టేది.

"అమ్మా, ఇవి శాంపిల్‌కి పనికిరావమ్మా. రాత్రంతా పైపులో నిలవున్నవి. వీటిని పరీక్షిస్తే రిపోర్ట్ పాడైపోతుంది."

"నీ రిపోర్ట్‌కి పనికిరాకపోతే నా పొయ్యికి పనికొస్తాయిలే నాయనా. నీళ్లు పారబోస్తే కళ్లు పోతాయి. తాగొచ్చా మరి?"

"కాచి తాగండమ్మా."

కాచింది. ఆయన వచ్చిన రోజనే కాదు, రోజూ మొదటి నీళ్లే పట్టింది, సగానికి మరిగేదాకా కాచింది. ఎంత మరిగితే అంత మంచిదని ఆమె లెక్క. నాకు కాచిన నీళ్లు సయించవు. సాయంత్రం పని నుంచి వచ్చి కుళాయి కిందే దోసిలి పట్టేవాణ్ణి. "నా మాట వినరుగా, మీరే ముందు పోతారు చూడండి!" అనేది.

ఆమె మూత్రపిండాలు చెడ్డాయని తేలాక డాక్టరు కూడా మంచి సలహా ఇచ్చాడు. నీళ్లు బాగా తాగమన్నాడు. తాగింది. చెప్పిన మాట విన్న మనిషి వెళ్లిపోయింది. విననివాణ్ణి మీ ముందున్నాను.

ఆ నీళ్లు పిల్లకు వద్దని ఇంట్లో మొత్తుకున్నాను. "రిపోర్ట్‌లో 'తాగడానికి యోగ్యం' అనే ఉంది కదా నాన్నా" అన్నాడు కొడుకు. "కాచే కదా మావయ్యా పోస్తున్నాను" అంది కోడలు. శాస్త్రం ముందు ముసలివాడి నోరెంత!

మొన్న సీసాలాయన మళ్లీ వచ్చాడు. కుళాయి తిప్పి వదిలేశాడు. కోడలు చంకలో పిల్లతో వచ్చి, అత్తగారి గిన్నె తెచ్చి కింద పెట్టింది. అత్తగారు నేర్పిన పొదుపు.

"పాప పాలకి, అన్నా. సగానికి మరిగిస్తాను" అంది.

పిల్ల ఆయన సంచీ పట్టె లాగి నవ్వింది. ఆయన నవ్వలేదు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"ఈ నీళ్లు పాపకొద్దు తల్లీ. పైపులోని సీసం దిగి ఉంటుంది. కాస్తే పోదు, ఇంకా చిక్కబడుతుంది. మా ఇంట్లో మొదటి నీళ్లు పారబోశాకే పట్టుకుంటాం. నేను చెప్పానని అనకు."

"మరి మా అత్తయ్యకి కాచి తాగమన్నావట కదన్నా?"

"అప్పుడు మీ ఇంట్లో పసిపిల్లలు లేరు కదమ్మా."

చూశారా, ఎంత దయగల శాఖ! పాలు తాగే వయసులో ఉంటే చెవిలో నిజం చెబుతారు. ఆ వయసు దాటితే రిపోర్ట్ ఇస్తారు. అరవై ఏళ్ల మనిషి ఎంత అడిగినా పసిపిల్ల కాలేదు కదా!

ఆయన వెళ్లాక గిన్నెలోని నీళ్లు కాలువలో పోశాను. మేకు, సుత్తి తెచ్చి గిన్నె అడుగున చిల్లు పొడిచాను.

"అయ్యో మావయ్యా! అత్తయ్య గిన్నె!" అంది కోడలు.

చిల్లు గిన్నెను మళ్లీ కుళాయి కిందే పెట్టాను.  నీళ్ల సంగతి ఇంకెప్పుడూ నా దగ్గర ఎత్తకండి.