ఆరో బావి

కోస్తా గ్రామాల తాగునీటి సమస్యను శాస్త్రీయ గణాంక పద్ధతిలో ఆరు నెలల్లో మాయం చేస్తామని మంత్రిగారు నెల్లూరు సభలో ప్రకటించారు. ఆ మహాకార్యం గణాంకాధికారి జయరామయ్యగారి భుజాన పడింది. తగిన భుజమే. ఫారంలో 'తాగవచ్చు', 'తాగరాదు', 'వివరాలు చాలవు' అని మూడు గడులుండేవి. మూడోదాంట్లో టిక్కు పెట్టడం చేతగానివాళ్ల పని అని ఆయన నమ్మకం. పదకొండేళ్ల సర్వీసులో ఒక్కసారీ పెట్టలేదు.

తోటపల్లి గూడూరు దాటాక, సముద్రపు ఒడ్డు పల్లెలో ఆయన జీపు ఆగింది. 'తాగరాదు' అని రాస్తే ఊరికి బోరు పంపు వస్తుంది. మంచినీళ్లకు రోజూ రెండు మైళ్లు నడిచే అంకాలమ్మ, చేపల బుట్ట పక్కన పెట్టి మరీ ఆయన వెంట తిరిగింది.

ఊళ్లో ఐదు బావులు. జయరామయ్యగారు సీసాల్లో నీళ్లు పట్టించి, మందు చుక్కలు వేసి, ఉప్పదనానికి నూటికిన్ని అని మార్కులు వేశారు. నాలుగు బావులకు అరవయ్యేసి వచ్చాయి. ఐదోది అధికారుల బంగళాలోది, ఎప్పుడూ తాళంలో ఉంటుంది. దానికి పది. సగటు యాభై దాటితేనే 'తాగరాదు'.

"సరాసరి యాభై! ఎక్కువకీ తక్కువకీ తేడా కూడా యాభయ్యే! ఇంత ముచ్చటైన ఊరు నేను చూళ్లేదమ్మా. తాగొచ్చు."

"సరే సారూ. ఆ సరాసరి బాయి యాడుందో చూపిస్తే ఆడ్నే తోడుకుంటాం."

"అది కాగితం మీదుంటుందమ్మా."

"అయితే చాంతాడు అక్కర్లేదులే," అని అంకాలమ్మ వెళ్లిపోయింది. బంగళా వాచ్‌మన్ గంగులయ్యను బతిమాలి తాళం తీయించి, ఐదు బావుల నీళ్లూ గ్లాసేసి కలిపి చెంబుతో తెచ్చింది.

"ఇదో సారూ, మీ సరాసరి. ఎండన పడొచ్చినారు, తాగండి."

ఆయన ఒక గుక్క తీసుకున్నారు. మింగాలా వద్దా అన్నది చాలాసేపు పరిశీలనలో ఉండిపోయింది. చివరికి పక్కకు తిరిగి ఉమ్మేసి, జీపులోంచి కూజా తెప్పించుకుని గడగడా తాగారు.

"నెల్లూరు నీళ్లా సారూ? ఆ కూజా మా వూళ్లో ఉంటే యెంత బాగుండు!"

మేధావికి ఆమాత్రం చాలు. కూజా ఇప్పుడు ఊళ్లోనే ఉంది కదా! దానికి రెండు మార్కులు వేసి ఆరో బావిగా చేర్చారు. సగటు నలభై రెండుకు దిగింది. ఒక్క పూటలో ఇంత అభివృద్ధి జిల్లాలో మరే ఊరికీ జరగలేదు. 'బోరు పంపు అనవసరం' అని రాసి, ఆరో బావితో సహా జీపెక్కారు.

రిపోర్టు నకలు పంచాయతీ బోర్డు మీదికెక్కింది. మర్నాడు తొలి బస్సు దిగి, జయరామయ్యగారి ఆఫీసు వరండాలో ముప్పై బిందెలు వరసకట్టాయి. ముందు బిందె అంకాలమ్మది.

"ఏంటమ్మా ఇదంతా?"

"మా ఆరో బాయి ఈడుందంట గదా సారూ. నీళ్లకొచ్చినాం."

కిటికీలో కూజా ఉంది. సగానికి నీళ్లున్నాయి. జయరామయ్యగారు బిందెలు లెక్కపెట్టారు. కూజా వైపు చూశారు. ప్యూనును పిలిచి ఫారం తెప్పించి, మూడో గడిలో టిక్కు పెట్టారు.