చివరి గడిలో పిన్ని నవ్వాలి

వస్తువులు తయారుచేయడమంత మోటు పని లోకంలో ఇంకొకటి లేదని నా నిశ్చితాభిప్రాయం. చేతులకి జిగురంటుతుంది. చెక్క కోస్తే పొట్టు కళ్లలో పడుతుంది. తీరా ఇంతా చేశాక అది పనిచేయదు! ఎందుకండీ ఈ అవస్థ? హాయిగా స్టోరీబోర్డు వేసుకోండి.

స్టోరీబోర్డు అంటే తెలియని దురదృష్టవంతుల కోసం చెబుతున్నాను. డిజైన్ కాలేజీలో చివరి సంవత్సరం వెలగబెడుతున్నాను కాబట్టి చెప్పే హక్కు నాకుంది. ఓ పెద్ద అట్ట మీద ఆరు గడులు గీస్తారు. మొదటి గడిలో ఒక మనిషి ఏదో కష్టం పడుతూ ఉంటాడు. మూడో గడిలో మనం కనిపెట్టిన వస్తువు ప్రత్యక్షమవుతుంది. ఆరో గడిలో ఆ మనిషి నవ్వుతాడు. అంతే, కష్టం తీరిపోయింది! ఎవరి కష్టం అని అడక్కండి. గడిలో ఉన్నవాడిది.

మా మాస్టారికి ఆ ఆరో గడంటే ప్రాణం. క్లాసులో తిరుగుతూ తిరుగుతూ ఎవరి అట్ట ముందో ఆగి, పళ్లు లెక్కపెడుతున్నట్టు వంగి చూస్తారు. "యూజర్ నవ్వట్లేదేం? ఇంకాస్త నవ్వించు" అంటారు. కిందటేడు ఒక సీనియర్ శవపేటిక డిజైన్ చేశాడు పాపం. ఆరో గడిలో యూజర్‌ని ఎలా నవ్వించాలా అని రెండు రోజులు తల పట్టుక్కూర్చున్నాడు. చివరికి నవ్వించాడు! మాస్టారు వీపు తట్టి మరీ మార్కులేశారు.

ఇంత గొప్ప విద్యని కాలేజీలోనే వదిలేసి ఇంటికి వస్తామా? ఒకరోజు అమ్మ తలనొప్పిగా ఉంది, కాస్త టీ పెట్టమంది. వెంటనే గిన్నె పెట్టేయడానికి నేనేమైనా చదువుకోనిదాన్నా? అట్ట తీశాను. మొదటి గడిలో తలకి గుడ్డ కట్టుకున్న అమ్మ. రెండో గడిలో ఖాళీ కప్పు. నాలుగో గడిలో ఆవిరి ఎటువైపు పోవాలా అని ఆలోచిస్తూండగా, అమ్మే లేచి టీ పెట్టుకుని, నాకూ ఒక కప్పు తెచ్చి ఇచ్చింది. చూశారా? ఆరో గడి దాకా వెళ్లకుండానే యూజర్‌కి ఫలితం దక్కింది! యూజర్ నేనే అనుకోండి, అది వేరే విషయం.

మా క్లాసులో ఒకడున్నాడు, అందరం వాణ్ణి దిండు అంటాం. బద్ధకం వదిలించుకోవడానికని స్టోరీబోర్డు మొదలుపెట్టాడు. మొదటి గడిలో తను మంచం మీద ముసుగుతన్ని పడుకుని ఉండాలి. బొమ్మ సహజంగా రావాలంటే అనుభవం ఉండాలి కదా! మూడు వారాలుగా వాడు మొదటి గడిలోనే ఉన్నాడు.

ఇక నా ఘనకార్యం వినండి.

మా ఇంటి ముందుగదిలో మా పిన్ని కుట్టు మిషన్ ఉంది. పాతకాలపు ఇనుప స్టాండుది, కాలితో తొక్కేది, ఒక్క మనిషికి కదలనిది. స్కూలు పిల్లల యూనిఫారాలు, ఊడిన జిప్పులు, పొడుగు తగ్గించాల్సిన ప్యాంట్లు అన్నీ ఆవిడ దగ్గరికే వస్తాయి. చిక్కల్లా ఒక్కటే. కిటికీ ఆవిడ వీపు వెనక ఉంది. పట్టపగలే ఆవిడ నీడ సూది మీద పడుతుంది. కళ్లు చికిలించి, మెడ వంచి, ముక్కు గుడ్డకి ఆనించి కుడుతుంది. ఎంత చక్కటి సమస్య! ఫైనల్ ప్రాజెక్టుకి ఇంతకంటే ఏం కావాలి? మెడలో వేసుకునే దీపం ఒకటి కనిపెడదామని, పెన్సిలు పట్టుకుని ఎదురుగా కూర్చున్నాను.

"వచ్చావా, మంచిదయింది. ఆ చివర పట్టుకోవే, మిషన్ని కిటికీ వైపు తిప్పేద్దాం" అంది పిన్ని.

నేను గబుక్కున మిషన్‌కి అడ్డం నిలబడ్డాను. "కదపకు పిన్నీ! సమస్య లేకపోతే నా ప్రాజెక్టు ఏమైపోవాలి? సబ్మిషన్ దాకా ఇలాగే ఉండు."

"ఎన్నాళ్లే?"

"ఎంతా, పదకొండు వారాలే."

"సర్లే, నీ చదువు కదా" అని పిన్ని తన నీడలో తనే మళ్లీ కుట్టుకోవడం మొదలుపెట్టింది. మధ్యలో ఒకసారి అమ్మ చూడలేక మిషన్ జరపబోతే, పిన్నే ఆపేసింది. "వద్దక్కా, పిల్ల బొమ్మ పాడవుతుంది" అంది. ఇలాంటి యూజర్ దొరకాలంటే పెట్టి పుట్టాలి!

తొమ్మిదో వారంలో సూది పిన్ని చూపుడువేలి గోట్లోకి దిగింది. నేను పరుగెత్తాను. మందుల డబ్బా కోసం అమ్మ పరుగెత్తింది లెండి, నేను పరుగెత్తింది పెన్సిలు కోసం. అప్పటిదాకా నా రెండో గడిలో పస లేదు. ఇప్పుడు చూడండి, రక్తం చుక్కతో సహా ఎంత బాగా వచ్చిందో! పిన్ని కళ్లలో నీళ్లు తిరుగుతూనే ఉన్నాయి. "వేలు ఇలా పెట్టనా, కనబడుతోందా?" అని అడిగింది. కనబడుతోందన్నాను.

సబ్మిషన్ రోజున ముగ్గురు నిపుణులు నా అట్ట ముందు నిలబడిపోయారు. యూజర్ బాధ ఇంతగా అర్థం చేసుకున్న విద్యార్థి ఈ మధ్య రాలేదన్నారు. మాస్టారు ఆరో గడిలో పిన్ని పళ్లు చూసి మురిసిపోయారు. క్లాసులో అందరికంటే నాకే ఎక్కువ మార్కులు!

అట్ట చంకన పెట్టుకుని విజయగర్వంతో ఇంటికొచ్చి పిన్నికి చూపించాను. నోట్లో గుండుసూదులు తీసి పక్కన పెట్టి, ఆరో గడి తేరిపార చూసింది.

"ఇదెవరే?"

"నువ్వే పిన్నీ."

"కుట్టేటప్పుడు ఇలా నవ్వితే గుండుసూదులు మింగెయ్యనూ! సరే గానీ, దీపం తెచ్చావా?"

"దీపం... మూడో గడిలో ఉంది పిన్నీ."

"ఓహో" అంది. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. గుడ్డ చుట్టిన వేలు నిమురుకుంటూ, "మరి ఇప్పుడైనా తిప్పొచ్చా?" అని అడిగింది.

ఆ చివర ఆవిడ, ఈ చివర నేను పట్టుకున్నాం. నాలుగు నిమిషాలు పట్టింది. అందులో మూడు నిమిషాలు ఊడిపోయిన బెల్టు మళ్లీ తగిలించడానికే పోయాయి. పిన్ని గుండుసూదులు మళ్లీ నోట్లో పెట్టుకుని, కుర్చీ లాక్కుని కూర్చుంది. ఎండ నేరుగా సూది మీద పడింది. కట్టు కట్టిన వేలితోనే ఒక్కసారికే దారం ఎక్కించేసింది. నోట్లో గుండుసూదులు ఉన్నాయి కాబట్టి నవ్వలేదు.

నాకు సిగ్గేసింది. లోపం ఎక్కడ జరిగిందో కనుక్కుందామని అట్ట పట్టుకుని కిటికీ దగ్గర నిలబడి ఒక్కో గడీ చూశాను. ఆరింటిలోనూ పిన్ని ఉంది. నాలుగింటిలో దీపం ఉంది. ఐదో గడిలో, ఎందుకు గీశానో గానీ, పక్కింటి పిల్లి కూడా ఉంది. నేనే ఎక్కడా లేను. మిషన్ రెండో చివర పట్టుకోవడానికి ఒక మనిషి కావాలన్న సంగతి ఏ గడిలోనూ పట్టలేదు.

పిన్ని గుండుసూదులు చేతిలోకి తీసుకుంది.

"ఏమే, ఆ అట్ట కాస్త పక్కకి తియ్యి. సూది మీద నీడ పడుతోంది."