మా గోడ చల్లగుండ

ఇంట్లో వైఫై సరిగా రాకపోవడం అదృష్టమని నేనంటాను. కాదనేవాళ్లు మందమైన గోడ నీడన ఎప్పుడూ బతికినవాళ్లు కారు.

మాది తాతలనాటి ఇల్లు. గోడ మందం ఎంతంటే, కిటికీ గట్టు మీద మనిషి దర్జాగా నడుం వాల్చవచ్చు. వీధిగదిలో పెట్టిన రూటర్ సిగ్నల్ నడిగది దాకా వచ్చి, ఆయాసపడి కూలబడుతుంది. వంటగది దాని ముఖమే ఎరగదు. ఫోన్ టవర్ సిగ్నల్‌దీ అదే గతి.

దీన్ని బాగుచెయ్యాలని ఇంటిల్లిపాదీ నడుం కట్టారు. మా బావమరిది రూటర్‌ను బీరువా మీదికెక్కించాడు. మా అమ్మాయి దాని వెనక వంటింట్లోని అల్యూమినియం రేకు నిలబెట్టింది. మా ఆవిడ తువ్వాలుతో దుమ్ము తుడిచి, "పాపం, దానికీ ఊపిరాడాలి కదా" అంది. గోడ ఎవరికీ లొంగలేదు. పెద్దల చేతిపని మరి!

ఇందులో అదృష్టమేముందంటారా?

బడి మధ్యలో మానేసినవాణ్ణి. గోడౌన్‌లో లారీలకు సరుకు ఎక్కించే పని చూస్తాను. మా మేనేజరు బాగా చదువుకున్నవాడు. సాయంత్రం నేను గేటు దాటాకే ఆయనకు పనులు గుర్తొస్తాయి. తాళాలెక్కడ? ఆ పెట్టె ఏ మూల పెట్టావు? రేపటి సెలవు ఎల్లుండి తీసుకోకూడదూ? మిగతావాళ్లు అన్నం కలుపుతూ ఫోన్లో జవాబులిస్తారు. ఒకాయనైతే మంగలి కుర్చీలోంచి సగం గడ్డంతో లేచి పరుగెత్తాడు. నేనో? మర్నాడు చేతులు కట్టుకుని, "మా ఇంట్లో సిగ్నల్ రాదు సార్, గోడలు మందం" అనేవాణ్ణి.

కొందరికి యూనియన్లుంటాయి. కొందరికి లాయర్లుంటారు. నాకు గోడ ఉండేది.

అయ్యలారా, ఒకే నిజాన్ని పదేపదే చెప్పకండి. ఎదుటివాడికి జాలి పుడుతుంది.

మొన్న కంపెనీ మీటింగులో నన్ను స్టేజీ మీదికి పిలిచారు. మేనేజరు నా చేతిలో రంగుకాగితం చుట్టిన డబ్బా పెట్టి, "మనవాడు ఎన్నాళ్లుగానో ఇబ్బంది పడుతున్నాడు. ఇది కంపెనీ కానుక" అన్నాడు. చప్పట్లే చప్పట్లు. విప్పితే ఏముంది, గదికొకటి చొప్పున సిగ్నల్ పెంచే బూస్టర్లు!

ఇంటికి తెచ్చి చూపిస్తే మా ఆవిడ కళ్లు చెమ్మగిల్లాయి. "తోడబుట్టినవాళ్లు కూడా ఇంత చెయ్యరు" అంది, తమ్ముడి వంక చూస్తూ.

"బీరువా ఎక్కించినవాణ్ణి ఎవరు గుర్తుపెట్టుకుంటార్లే అక్కా" అన్నాడు వాడు.

అన్నీ బిగించిన గంటకల్లా మేనేజరు ఫోన్. "అన్ని గదుల్లోనూ వస్తోందా?" ఒంట్లో ఎలా ఉందని అడిగినంత ప్రేమగా అడిగాడు.

"వస్తోంది సార్."

"స్నానాలగదిలో?"

"అక్కడా వస్తోంది సార్."

"మంచిది. అయితే ఆదివారం ఒకసారి వచ్చిపో."

సిగ్నల్‌కు వంక పెట్టలేను. ఆయన టీ చప్పరించడం కూడా స్పష్టంగా వినబడుతోంది. "ఇవాళ్టికి నీ పని అయిపోయిందయ్యా, ఇక పడుకో" అనే మాట ఒక్కటే, ఇంకా ఏ గదిలోనూ అందడం లేదు.